పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికాలో ఎంఎస్‌కి ఇబ్బందా?

వీసాకి అడ్డు కాదు. కానీ డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం)లో పేరంతా సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్స్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టాలి. వీసా మీదా అదే అచ్చవుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి చోట్లా ఆ మూడక్షరాలు వెంటపడొచ్చు. యూనివర్సిటీ రికార్డులో ఒకలా, వీసాలో ఒకలా ఉంటే ప్రతి చోటా వివరణ ఇచ్చుకోవాలి.

అందుకే వీలైతే ముందే మార్చుకోండి. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో రీఇష్యూకి దరఖాస్తు చేసి, వ్యక్తిగత వివరాల మార్పు ఎంచుకుని, ఇంటిపేరును సర్‌నేమ్ గడిలో, మిగతాది గివెన్ నేమ్ గడిలో పెట్టండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉందో లేదో ముందు చూసుకోండి. మెమోలో పొడి అక్షరమే ఉంటే పని ఆలస్యం కావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం వరుస: ముందు పాస్‌పోర్ట్, తర్వాతే జీఆర్‌ఈ, టోఫెల్ రిజిస్ట్రేషన్. పరీక్ష రోజు గుర్తింపు కార్డులో పేరు సరిపోకపోతే లోపలికి పంపరు, కట్టిన ఫీజూ పోతుంది.

ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇప్పటికే వచ్చేసిందా? కొత్త పాస్‌పోర్ట్ కాపీని యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి పంపి సవరించిన ఐ-20 అడగండి. ఐ-20 మీదుండే సెవిస్ నంబరు (విదేశీ విద్యార్థుల రికార్డు నంబరు) మారదు కాబట్టి 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు.