ఇంట్లో ఉన్న బాపు బొమ్మను వెండి నాణెం మీద వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్ళ కిందట బాపుగారి సీతారాముల బొమ్మ ఒకటి కొన్నారు. ఆయన సహస్ర చంద్ర దర్శనానికి ఆ బొమ్మతో పది గ్రాముల వెండి నాణేలు వంద చేయించి బంధువులకు పంచాలని, మిగిలితే అమ్మాలని అనుకుంటున్నాం. వెనకవైపు '100 రూపాయలు' అనీ, నాలుగు సింహాల గుర్తూ వేస్తే అచ్చం అసలు నాణెంలా ఉంటుందని అచ్చు తీసే ఆయన అంటున్నారు. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: ముందుగా మీ నాన్నగారికి నా నమస్కారాలు. బొమ్మ మీదే. గోడకు తగిలించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ దానికి నకళ్ళు తీసే హక్కు బొమ్మతోపాటు రాదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం, కాగితం మీది బొమ్మను లోహం మీద ఉబ్బెత్తుగా తేల్చడం కూడా నకలు తీయడమే. బాపుగారు 2014లో కన్నుమూశారు. మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు లెక్కేస్తే, 2074 చివరిదాకా ఆ హక్కు ఆయన వారసులది, లేదా వాళ్ళు ఎవరికి రాసిచ్చారో వాళ్ళది. ఊరికే పంచినా అనుమతి కావాల్సిందే. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. లాభం కోసం కాకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు, అంతే.

ఒకటి మాత్రం నాన్నగారిని అడగండి. సిద్ధంగా ఉన్న బొమ్మ కొన్నారా, డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్నారా? రెండోదైతే, వేరే ఒప్పందం లేకపోతే, సెక్షన్ 17 కింద హక్కు ఆయనదే కావచ్చు. పాత ఉత్తరాలు, రసీదులు ఒకసారి వెతకండి.

లేదంటే వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎన్ని నాణేలు, పంచడానికా అమ్మడానికా, ఎంతకాలం అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్ళుగా లెక్కిస్తుంది. మీరు పంపిన నమూనా ఫోటోలో మూలనున్న బాపుగారి సంతకం ఎగిరిపోయింది. దాన్ని తప్పకుండా తిరిగి పెట్టించండి. బొమ్మ ఎవరిదో చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద విడిగా ఉంది.

అంత టెన్షన్ ఎందుకు అనుకుంటే రవివర్మ లక్ష్మీదేవి ఉంది. ఆయన 1906లోనే పోయారు, ఆ బొమ్మల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది.

ఇక వెనకవైపు సంగతి. ప్యారిస్ టంకశాల మోనాలిసా నాణెం మీద యూరోల విలువ వేసిందంటే అది ప్రభుత్వ టంకశాల కాబట్టి. మన దగ్గర రూపాయల విలువతో నాణెం తేవడం కేంద్ర ప్రభుత్వం పని. మీది వెండి బిళ్ళ, నాణెం కాదు. దానిమీద '100 రూపాయలు' వేస్తే 2011 నాణేల చట్టం కింద అనవసరంగా చిక్కుల్లో పడతారు. సింహాల గుర్తును ఇలా వాడటం జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని అడ్డుకునే 2005 చట్టం ప్రకారం నేరం, రెండేళ్ళదాకా జైలు పడొచ్చు. బరువు, వెండి స్వచ్ఛత, నాన్నగారి పేరు, తేదీ వేయించండి. అచ్చు ఇప్పటికే తయారై ఉంటే, మొదటి బిళ్ళ కొట్టకముందే '100 రూపాయలు', సింహాల గుర్తు రెండూ తీయించేయండి.