మారణహోమం జరుగుతోందని తెలిసినా ప్రపంచ దేశాలు ఎందుకు కదలవు?

"1994లో రువాండాలో వంద రోజుల పాటు మనుషుల్ని నరుకుతుంటే ప్రపంచానికి తెలియలేదా, తెలిసీ ఊరుకుందా?" అని అడిగారు. తెలుసండీ. మొదటి వారంలోనే తెలుసు. ఆ వార్త నా చేతుల మీదుగా వెళ్లింది కాబట్టి చెప్పగలను.

అప్పుడు నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. రాత్రి షిఫ్ట్, విదేశీ వార్తలు. ఏప్రిల్ 6న రువాండా అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని కూల్చేశారు. మర్నాటి నుంచి టెలిప్రింటర్ మీద అక్కడి రాజధాని కిగాలీ వార్తలు వరసగా దిగాయి. కిగాలీ ఎక్కడుందో కూడా నాకు తెలియదు, గోడ మీది మ్యాప్‌లో వెతుక్కున్నాను. అక్కడ ఎక్కువమంది హుటూలని, తక్కువమంది టుట్సీలని, వాళ్లెవరో అసలే తెలియదు. పది పేరాల కాపీని మూడు పేరాలకు కోసి, "రువాండాలో తెగల ఘర్షణలు" అని హెడ్డింగ్ పెట్టి పంపేశాను. సింగిల్ కాలమ్. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ చూసి సరే అన్నారు. ఆ నెలంతా దక్షిణాఫ్రికా ఎన్నికల హడావుడి. ఆఫ్రికాకు మేమిచ్చే చోటంతా మండేలా ఫొటోలకే సరిపోయేది.

ఆ "ఘర్షణలు" అన్న మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. ఘర్షణ అంటే ఇద్దరూ కొట్టుకున్నట్టు. ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు దూరంగా నిలబడితే ఎవరూ తప్పుపట్టరు. అక్కడ అంతర్యుద్ధం ఉన్నమాట నిజమే. కానీ దాని పక్కనే ఇంకొకటి నడుస్తోంది. గుర్తింపు కార్డులో టుట్సీ అని ఉంటే చాలు, హుటూ తీవ్రవాదులు రోడ్డు మీద ఆపి చంపేశారు. ఎక్కడ ఎవరు దాక్కున్నారో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో చెబుతుండేది. చర్చిల్లోకి పారిపోయినవాళ్లని చర్చిల్లోనే నరికారు. దాన్ని ఊచకోత అని రాయాలి. ఆ మాట నాకు తెలియక కాదు, తట్టలేదు.

నాది అజ్ఞానం, కొంత బద్ధకం. పెద్ద రాజధానుల్లో ఇదే పని తెలిసి చేశారు. ఆ జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి "జాతిహననం" అనకుండా "జాతిహనన చర్యలు" అంటూ సాగదీస్తుంటే, ఎన్ని చర్యలు కలిస్తే ఒక జాతిహననం అవుతుందని ఒక విలేకరి అడిగాడు. సూటిగా జవాబు రాలేదు. ఎందుకంత జాగ్రత్త అంటే, 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం మొదటి అధికరణంలోనే జాతిహననాన్ని ఆపుతామని, శిక్షిస్తామని దేశాలు ఒప్పుకుని సంతకం పెట్టాయి. ఆ పేరు పెట్టాక చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం.

సమాచారం సంగతి చూడండి. అక్కడి ఐరాస దళానికి కమాండర్ కెనడా జనరల్ రోమియో డలేర్. ఆయన జనవరి 11నే, అంటే దాదాపు మూడు నెలల ముందే, ఆయుధాలు దాస్తున్నారని, టుట్సీల చిట్టా తయారు చేస్తున్నారని న్యూయార్క్‌లోని ఐరాస కార్యాలయానికి ఫ్యాక్స్ పంపాడు. ఆ ఆయుధాల మీద దాడి చేస్తానన్నాడు. వద్దన్నారు, మీకా అధికారం లేదన్నారు. ఏప్రిల్ 7న పదిమంది బెల్జియం సైనికుల్ని చంపేశారు. ఎందుకు చంపారంటే, చంపితే బెల్జియం వెళ్లిపోతుందని. అలాగే వెళ్లిపోయింది. ఏప్రిల్ 21న భద్రతామండలి సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించమని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఏడాది మండలిలో తాత్కాలిక సభ్యుల్లో రువాండా ఒకటి! ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఈ హత్యలు చేయిస్తున్న ప్రభుత్వం ప్రతినిధే. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే అదే.

అంతకు ఆరు నెలల ముందు సొమాలియా రాజధాని మొగదీషులో 18 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఇంకో సొమాలియా మాకొద్దన్నది వాషింగ్టన్‌లో అందరి మాట. ఆ విద్వేషపు రేడియోని విమానం నుంచి జామ్ చేద్దామనే ప్రతిపాదన వస్తే, గంటకు 8,500 డాలర్లు అవుతుందని లెక్క రాసి పక్కన పెట్టారు. నన్ను అడిగితే మీ ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. కదిలితే అయ్యే నష్టం కనిపిస్తుంది. శవపేటికలు దిగుతాయి, పార్లమెంటులో ప్రశ్నలు వస్తాయి, మంత్రి పదవి పోవచ్చు. కదలకపోతే అయ్యే నష్టం వేరేవాళ్లది. ఊరుకున్నందుకు ఓడిపోయిన నాయకుడెవరైనా ఉన్నాడా అని వెతికాను, నాకైతే దొరకలేదు. క్లింటన్ 1998లో కిగాలీ వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు, అంతే.

బలగాలు లేకనా అంటే అదీ కాదు. ఏప్రిల్ రెండో వారంలోనే ఫ్రాన్స్, బెల్జియం పారాట్రూపర్లు దిగారు. తమ దేశస్తుల్ని విమానాలెక్కించుకుని వెళ్లిపోయారు. దిగడం వచ్చు, దారి తెలుసు. ఎవరి కోసం దిగాలన్నదే తేలింది.

పేరు పెడితే చాలా అంటే, చాలదు. ఒకప్పుడు నేనూ చాలనుకున్నాను. 2004 సెప్టెంబర్‌లో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్, సూడాన్‌లోని డార్ఫుర్‌లో జరుగుతున్నది జాతిహననమేనని సెనెట్ కమిటీ ముందు చెప్పాడు. అదే నోటితో, దీనివల్ల మేము కొత్తగా చేయాల్సిందేమీ లేదనీ చెప్పాడు! అప్పట్నుంచి ఆ మాట మీద నా నమ్మకం కొంత తగ్గింది.

మరి ఎక్కడా ఆగలేదా? ఆగింది, పొరుగువాళ్లు తమ అవసరం కొద్దీ దిగినచోట. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో హత్యాకాండ గురించి ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ పదేపదే తంతి పంపాడు. అప్పుడు చైనాతో నిక్సన్ రహస్య మంతనాలు పాకిస్తాన్ మీదుగా నడుస్తున్నాయి, అందుకే వినలేదు. పైగా బ్లడ్‌నే బదిలీ చేశారు. కోటి మంది దాకా శరణార్థులు మీద పడ్డాక డిసెంబర్‌లో భారత సైన్యం దిగింది. కంబోడియాలో మారణహోమం సాగించిన ఖ్మేర్ రూజ్ పాలకుల్ని 1979 జనవరిలో దించింది వియత్నాం. దానికి దక్కిన మెప్పు ఏంటంటే ఆంక్షలు. ఐరాసలో కంబోడియా కుర్చీ మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఖ్మేర్ రూజ్ పక్షానికే ఉంది. రువాండాలో కూడా చివరికి ఆపింది టుట్సీల నాయకత్వంలోని ఆర్‌పీఎఫ్ తిరుగుబాటు సైన్యమే. మే 17న మండలి 5,500 మందిని పంపుతామని మళ్లీ తీర్మానం చేసింది కానీ, వాళ్లు వచ్చేసరికి అంతా అయిపోయింది.

భద్రతామండలిలో ఒక్క పెద్ద దేశం వీటోతో తీర్మానాన్ని ఆపేయగలదు కాబట్టే ఏమీ జరగదని చాలామంది అంటారు. కాకపోతే రువాండా విషయంలో ఎవరూ వీటో వాడలేదు, అది గమనించండి.

జూలైలో హంతక ప్రభుత్వం ఓడిపోయి, లక్షల మంది హుటూలు సరిహద్దు దాటి పొరుగున జైర్‌లోని (ఇప్పటి కాంగో) గోమాకు చేరారు. అక్కడ కలరా వచ్చింది. అప్పుడు కదిలింది ప్రపంచం. కెమెరాలు, విమానాలు, మందులు, నీళ్ల ట్యాంకర్లు. ఆ గుంపులో అమాయకులు ఎంతోమంది, వాళ్ల మధ్యలో కత్తి పట్టినవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రి మా టెలిప్రింటర్ పక్కనే ఫొటో కూడా వచ్చింది. మొదటి పేజీలో నాలుగు కాలమ్‌లు వేశాం. ఈసారి హెడ్డింగ్ కోసం నేను చాలాసేపు ఆలోచించాను.