లారీ ఎక్కకముందే చూసుకోవాల్సినవి

బిడ్డా,

ప్రాజెక్టు కోసం మీ ఊరు ఖాళీ చేసే రోజు దగ్గరపడిందని, అందరి నోటా పరిహారం ఎకరానికెంత, ఇంటికెంత అన్న మాటే ఉందని చెప్పావు. ఉంటుంది మరి. ఆ లెక్కలు చూసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆశా వర్కర్‌గా నువ్వు చూడాల్సిన లెక్క వేరే ఉంది. ఏఎన్‌ఎంగా చేసి రిటైరైనదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఓ నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ తిరుగు. బీపీ, షుగర్ గోలీలు వాడేవాళ్లు, టీబీ మందులు మింగుతున్నవాళ్లు, గర్భిణులు, టీకాలు పడాల్సిన పిల్లలు, మంచం దిగలేని ముసలోళ్లు, అందరి పేర్లూ రాయి. పక్కనే ఎవరు ఎటు పోతున్నారో, ఫోన్ నంబరేంటో కూడా. పునరావాస కాలనీకి అందరూ రారు. కొందరు హైదరాబాద్‌లో కిరాయికి దిగుతారు, కొందరు తల్లిగారింటికి చేరతారు. టీబీ మందులు నడుమ ఆపితే రోగం మొండికేస్తుంది. అందుకే పోయే చోటి పీహెచ్‌సీకి ముందే కబురు చేయించి, నెలకు సరిపడా గోలీలు చేతికిచ్చి పంపించు. పిల్లల టీకా కార్డులు పట్టా కాగితాల సంచిలోనే పెట్టుకోమను. సామాను సర్దేటప్పుడు ముందు పోయేవి అవే.

ఇక నీళ్లు. మన మర్రిగూడ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఇది కొంచెం గట్టిగానే చెప్తా. మిషన్ భగీరథ నల్లా వచ్చేదాకా అని కాలనీలో ఓ బోరు వేసి చేతులు దులుపుకుంటారు. నీళ్లు తేటగా ఉంటాయి. ఫ్లోరైడ్ మాత్రం కంటికీ నాలుకకూ దొరకదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. కాచితే పోతుందంటారు, నమ్మకు. కాచినకొద్దీ నీళ్లు తగ్గి అది ఇంకా ఎక్కువవుతుంది. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగిన పిల్లలకు వచ్చే పళ్లే గారపట్టి వస్తాయి. ఎముకల్లోకి దిగాక వెనక్కి తీసే మందు లేదు. నీళ్ల పరీక్ష రిపోర్టు బాగా రాకపోతే నల్లా వచ్చేదాకా ట్యాంకర్ పంపమని రాసివ్వండి.

అది బతిమాలుకోవాల్సిన సంగతి కాదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్లోనే ఉంది: కాలనీలో సురక్షితమైన తాగునీరు, అంగన్‌వాడీ, రెండు కిలోమీటర్లలోపు ఆరోగ్య ఉపకేంద్రం, పశువులకు తాగే నీళ్లు కూడా. సాగునీటి ప్రాజెక్టయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. వాటి బదులు గంపగుత్తగా పైసలిస్తామంటే, సంతకం పెట్టకముందే దేన్ని వదులుకుంటున్నారో చదివించుకోండి. శ్రీశైలం ముంపప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మంచిదే. మనుషుల విషయంలో అంత ఓపిక పట్టలేదు.

ముందు జబ్బుపడేది భూమి లేనోళ్లే. చెక్కు రాదు, కూలి పోతుంది. ఉన్న రెండు మేకలు మేత లేక అమ్ముకుంటారు, పిల్లలకు ఆ కాసిని పాలూ పోతాయి. చేన్లో ఊరికే దొరికిన ఆకుకూర కొనుక్కోవాల్సి వస్తుంది. మూడేళ్లుగా అక్కడే బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు, చేతిపనులవాళ్లు కూడా చట్టం లెక్కలో బాధిత కుటుంబాలే. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు వేరే కుటుంబం కింద వస్తారు. లిస్టులో పేరు లేనివాళ్లతో దరఖాస్తు రాయించి, ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఊరు మారే నెల అంగన్‌వాడీ గుడ్లు, బాలామృతం ఆగకుండా టీచరుతో ఇప్పుడే మాట్లాడు. పైసలు పడ్డ ఇళ్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచు. పనిలేని మగవాళ్లకు బెల్టు షాపు తొందరగా కనబడుతుంది.

నీళ్ల పరీక్షకు ప్లాస్టిక్ సీసా తీసుకో, గాజుది వద్దు. బోరు కాసేపు నడిచాక అవే నీళ్లతో కడిగి నింపి, తేదీ, బోరు ఎక్కడిదో రాసి గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇవ్వు. రిపోర్టు చేతికి రాగానే నాకు ఫోటో పంపు.

మీ పెద్దమ్మ