‘చక్కెర నీళ్లు వడగట్టే’ ప్రాజెక్టుకు ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: సార్, మాది ఆదోని. మా పాప కర్నూలులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టులో సార్బిటాల్, మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాలను వేరు చేస్తోందట. ‘చక్కెర నీళ్లు వడగడితే ఎవడిస్తాడు జీతం? సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చు’ అంటున్నాడు మా బావమరిది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ బావమరిదిని టూత్‌పేస్ట్ ట్యూబు వెనక రాసింది చదవమనండి. చాలావాటిలో సార్బిటాల్ కనిపిస్తుంది. మెదడు వాస్తే ఆసుపత్రిలో నరానికి ఎక్కించేది మానిటాల్. రెండింటి ఫార్ములా ఒకటే, అణుభారం 182. ఒక్క హైడ్రాక్సిల్ గ్రూపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఎటు తిరిగిందన్నదే తేడా. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్‌కు హైడ్రోజన్ ఎక్కిస్తే రెండూ కలిసే వస్తాయి, దాదాపు సగం సగం. ఏది ఎంతుందో తేల్చాలంటే ముందు వాటిని విడదీయాలి.

ఆ పని చేసేది మెషిన్‌లోని కాలమ్, అంటే కాల్షియం పట్టించిన రెజిన్ (సన్నని ప్లాస్టిక్ పూసలు) నింపిన గొట్టం. 80 డిగ్రీల దాకా వేడి, లోపల పారేది ఉత్త నీళ్లు. మీ ఆదోని పత్తి యార్డులో ఒకడు దించిన తల ఎత్తకుండా నడిచిపోతాడు, ఇంకొకడు కనిపించినవాళ్లందరినీ పలకరిస్తూ వెనకబడతాడు. మానిటాల్ మొదటి రకం. సార్బిటాల్ కాల్షియం దగ్గర ఆగి ఆగి, ఆలస్యంగా బయటికొస్తుంది.

హైదరాబాద్ మందుల కంపెనీల్లో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబుల్లో ఇంటర్వ్యూకు వెళితే డిగ్రీ పేరు ఎవరూ రెండోసారి అడగరు. ‘యూవీ డిటెక్టర్ ఎందుకు వాడలేదు?’ అంటారు. డిటెక్టర్ అంటే కాలమ్ నుంచి బయటికొచ్చినదాన్ని పసిగట్టే పరికరం. ఈ పదార్థాలు యూవీ (అతినీలలోహిత) వెలుతురును దాదాపు పీల్చుకోవు, అందుకే వక్రీభవన గుణకం, అంటే ద్రవంలో వెలుతురు ఎంత వంగుతుందో కొలిచే ఆర్‌ఐ డిటెక్టర్ పెడతారు. గది వేడి కాస్త మారినా అది తెర మీద గీసే గీత పైకో కిందికో జరిగిపోతుంది. ఉదయమంతా ఆ గీత నిలబడేదాకా కాపు కాసిన అమ్మాయికి ఈ జవాబు పుస్తకంలో వెతకాల్సిన పని ఉండదు.

క్యూసీలో షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం తక్కువే. ఆ మాట దాచను. పరిశోధన వైపు మనసుంటే, అందుకు ఫెలోషిప్ ఇచ్చే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాయించండి. సాఫ్ట్‌వేర్ తప్పని నేననను, కానీ పాపకు ఇష్టముందా అని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. డబ్బు కట్టించుకుని ఇలాంటి మెషిన్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే ట్రైనింగులకు మాత్రం తొందరపడొద్దు. ఆ మెషిన్ ఇప్పుడు తన కాలేజీలోనే ఉంది కదా.

ఆదివారం ఇంటికొస్తే మీరే అడగండి, శాంపిల్‌లో ఉప్పుంటే కాలమ్‌కు ఏమవుతుందని. సోడియం మెల్లగా కాల్షియాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుందని మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, అప్లికేషన్లు పెట్టడం మొదలుపెట్టమనండి.