మా అత్తమ్మ సకినాల డబ్బ

"తిండి దాచుకునే డబ్బలు ఇంట్ల పేరుకుపోయినయి, పారేయబుద్ధి కాదు, వాటిని ఇంకా దేనికి వాడుకోవచ్చు?" అని అడిగిన్రు. పారేయకండి. ముందుగాల వాటిల్లో మూత గట్టిగా పట్టేది ఒక్కటి ఏరి, దాంట్ల మీ ఇంటి కాగితాలు పెట్టండి. మిగతా వాడకాలన్నీ దాని తర్వాతనే. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్ననో వినండి.

మాది హన్మకొండ, నయీంనగర్ నాలాకు దగ్గర్లో ఇల్లు. 2023 జులైలో వారం రోజులు ముసురు పట్టి, 26 రాత్రి తెల్లారేదాక ఒక్క తీరుగ కొట్టింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కనాడే 649.8 మిల్లీమీటర్లు పడ్డదని, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లిని వాగు ముంచేసిందని తర్వాత తెలిసింది. మాకైతే వాకిట్ల విడిచిన చెప్పులు ఇంట్లకు తేలుకుంట వచ్చినప్పుడే సమజైంది.

అత్తమ్మ లేపింది. "లే బిడ్డా, నీళ్ళు కడప దాటినయి, పిల్లలను ఎత్తుకో" అన్నది. మా ఆయన ముందు కరెంటు మెయిన్ బంద్ చేసిండు. పిల్లలు, అత్తమ్మ పైన అద్దెకుండేవాళ్ళ ఇంటికి పోయిన్రు. నేను, ఆయన రెండు మూడు మార్లు కిందికి దిగి టీవీ, పరుపులు, సగం బియ్యం బస్తా మోసుకపోయినం. నాలుగోసారి దిగేసరికి నీళ్ళు మోకాళ్ళ మీదికి వచ్చినయి. ఇగ దిగలేదు. ఆ గాబరాలో టీవీ గుర్తొచ్చింది గాని ఒక్క కాగితం గుర్తుకు రాలేదు.

మర్నాడు నీళ్ళు తీసినంక దిగి చూస్తే ఇల్లంతా బురద, మోరి వాసన. బీరువా కింది అరలో నా ఫైలు. జిప్పు ఉన్న ప్లాస్టిక్ ఫైలే, మంచిదని కొన్నదే. దాంట్ల నా డిగ్రీ మెమోలు, పీజీ ప్రొవిజనల్ అన్నీ ఒకదానికొకటి అతుక్కొని అట్టలాగ అయినయి. సంతకాలు నీలంగ పాకినయి. ఒక్కొక్క కాగితం విడదీస్తుంటే మూలలు చేతిల్నే ఊడివచ్చినయి. బియ్యం పోసిన స్టీలు డ్రమ్ము అంగుళం కదల్లేదు, నిలబడ్డ కాడనే ఉన్నది. మూత తీస్తే బియ్యం ఉబ్బి, అప్పటికే పులిసిన వాసన.

అత్తమ్మ మాత్రం వాటి దిక్కు చూడలేదు. "నా డబ్బ ఏది, నా డబ్బ ఏది" అనుకుంట అన్ని గదులు తిరిగింది. దొరికింది వంటింట్ల, గ్యాసు సిలిండరుకు గోడకు నడుమ ఇరుక్కొని. మంచం కింద పెట్టింది తేలుకుంట అక్కడిదాక పోయింది. పైనంతా బురద. కొంగుతోని నాలుగు దిక్కులా తుడిచి, నాలుగు పట్టీలు ఒక్కొక్కటి టక్ టక్ మని లేపి మూత తీసింది. ఊళ్ళె భూమి పట్టాదారు పాసుబుక్కు, మామయ్య డెత్ సర్టిఫికెట్, పింఛను కాగితాలు, బ్యాంకు బాండు, నా ఇద్దరు పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. చుక్క నీళ్ళు లెవ్వు. పాసుబుక్కు తెరిస్తే వాము వాసన. అట్ట మీద ఒక నువ్వుగింజ అంటుకొని ఉన్నది. "కడిగే పెట్టిన బిడ్డా, రబ్బరు సందుల ఉన్నట్టున్నది" అన్నది.

ఆ డబ్బ నేను సంక్రాంతికి సకినాల కోసమని చౌరస్తాలో కొన్నది. పండుగ దాటి సకినాలు ఒడిసినంక, ఆమె దాన్ని కడిగి ఎండబెట్టి కాగితాలకు తీసుకున్నది. మంచి డబ్బ ఖరాబు చేస్తున్నరని నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పొద్దు ఆమె ముందట కూసోని ఏడ్చిన.

డూప్లికేటు మెమోల కోసం ఎనిమిది నెలలు తిరిగిన. పోలీసు స్టేషన్ల ఒక కాగితం, నోటరీ దగ్గర ఇంకో కాగితం, చలానా, మళ్ళ జిరాక్సులు. కిటికీ అవతల కూసున్నాయన తలెత్తకుండనే "రేపు రాండ్రి" అంటడు. అన్నీ ఫోన్లనే ఉంటున్నయి కదా, డిజిలాకర్ ఉన్నది కదా అని ఇప్పటి పిల్లలు అంటరు. నేను చదివిన కాలం మెమోలు నాకు దాంట్ల దొరకలేదు. దొరికినా ఒరిజినల్ చూపెట్టుమనేటోళ్ళే ఎక్కువ. ఎనిమిది నెలలు, అదీ మూడువందల రూపాయల డబ్బ లేక.

అందుకే డబ్బ అంటే ముందు మూత చూడండి. మూత అంచుల లోపల మెత్తని రబ్బరు పట్టీ ఉండాలె, నాలుగు దిక్కులా పట్టీలు బిగియాలె. స్టీలు డబ్బ తరతరాలు వస్తది, కాదనను. కాని మామూలు స్టీలు డబ్బకు నీళ్ళు ఆపే మూత ఉండదు. కొన్నంక ఒక పరీక్ష చెయ్యండి. డబ్బలో పొడి పేపరు ముక్క, రెండు గుండ్రాళ్ళు వేసి మూత పెట్టి బకెట్ల ముంచండి. తేలితే చేతితోని ఒత్తి పట్టుకోండి. పది నిమిషాలయినంక తీసి తుడిచి చూడండి. పేపరు ఏ మూలన్నా మెత్తబడితే అది పప్పులకే, కాగితాలకు పనికిరాదు. రబ్బరును నెలకోసారి చెంచ కాడతోని బయటికి తీసి కడిగి, ఆరినంకనే పెట్టండి. దాని కింద జిడ్డు, బూజు పడుతది. పగిలితే ఇగ ఆ డబ్బ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మేడారం పోయేటోళ్ళకు కూడ చెప్త. 2024 ఫిబ్రవరి జాతరకు పోయినప్పుడు జంపన్న వాగుల స్నానాలకు దిగేముందు అందరి ఫోన్లు, పైసలు, ఆధార్ కార్డులు ఒక చిన్న డబ్బలో వేసి బిగించి అత్తమ్మ ఒళ్ళె పెట్టినం. తడిబట్టలు తగిలినా, పిల్లలు నీళ్ళు చల్లినా ఏం కాలేదు. అమ్మవార్లకు ఇచ్చే బంగారం, అదే బెల్లం, ఇంకో డబ్బలో తీసుకపోయినం. సంచిలో తీసుకపోతే ఎండకు కరిగి పాకంలాగ కారుతది, చీమలు పడుతయి.

బతుకమ్మకైతే మా ఇంట్ల చిల్లిపడ్డవి, మూత పోయినవి అన్నీ బయటికి వస్తయి. గునుగు పువ్వుకు రంగులు అద్దడానికి చిల్లి లేని ఐస్‌క్రీం డబ్బలే సరిపోతయి, రంగుకొకటి. చిల్లివి ఏరిన పూలు వేసుకోవడానికి. ఒకసారి రంగు కలిపిన డబ్బలో మళ్ళ తినేది పెట్టొద్దు, గోరుతోని గీకి ఒక గుర్తు పెట్టుకోండి. తంగేడు పువ్వు ముందురోజే తెస్తే, తడిబట్ట పరిచి మూత డబ్బలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, తెల్లారేసరికి రాలిపోదు.

కారం సంగతి. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి వచ్చే కాలంలో మేం ఏడాదికి సరిపడా పట్టిస్తం. రంగు కోసం చపాట కాయ కలుపుతం, వరంగల్ చపాటకు 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అనే ముద్ర కూడ వచ్చింది. ఆ కారాన్ని ఒకటే పెద్ద డబ్బలో పొయ్యకండి. దినాం మూత తీస్తే గాలికి చెమ్మ పట్టి రంగు పోతది, పురుగు పడుతది. నాలుగు చిన్న డబ్బలకు పంచి, కొంచెం దొడ్డుప్పు కలిపి ఒత్తి, వాడేది ఒక్కటే బయట ఉంచండి. ప్లాస్టిక్ డబ్బకు పసుపు మరక పడితే సబ్బు రుద్దుకుంట కూసోవద్దు, కడిగి తడిమీదనే రెండు రోజులు ఎండకు పెట్టండి, ఎండే గుంజేస్తది.

హోటలు పార్సిళ్ళతో వచ్చే డబ్బలు వేరే ముచ్చట. మరిగే పులుసును పల్చటి కవర్లో పోసి ముడేసిచ్చేటోళ్ళను చూస్తే నా మనసు ఊకోదు, డబ్బలో ఇస్తేనే కొంత నయం. ఆ డబ్బ అడుగున త్రికోణంలో 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, వేడికి కొంత ఓర్చుకుంటది. 1 అని ఉంటే నీళ్ళ సీసాల జాతి, దాంట్ల వేడిది పొయ్యొద్దు, ఒంకర పోతది. ఏదైనా సరే, చల్లారినంకనే నేను పోస్త. పాత పార్సిల్ డబ్బలలో మా ఇంట్ల బీర, కాకర, సొర విత్తనాలుంటయి, కొంచెం కట్టెల బూడిద కలిపి. ఎండకాలం మిద్దె మీద పిట్టలకు నీళ్ళు కూడ వాటిల్నే.

ఇంకో బాధ ఉన్నది, చెప్పకుండ ఉండలేను. పక్కింటోళ్ళకో చుట్టాలకో తొక్కు పెట్టిస్తే మా దిక్కు ఖాళీ డబ్బ తిరిగి ఇయ్యరు, ఇన్ని చక్కెర పలుకులన్నా వేసి ఇస్తరు. మంచి పద్ధతి. కాని ఇప్పుడు డబ్బ వస్తుంది, దాని మూత రాదు. ఇంకేదో మూత పెట్టిస్తరు, అది సగం కూసుంటది. దుకాణంలో అడిగితే "మూత ఒక్కటే అమ్మమమ్మా, సెట్టు తీసుకోండి" అంటరు. అందుకని మూతకు, డబ్బకు ఒకటే నంబరు మార్కరుతో రాసి పెట్టుకున్న. ఇచ్చేటప్పుడు ఆ నంబరు చూపెట్టే ఇస్తున్న.

కాగితాల డబ్బ కొనేటప్పుడు ఒక కొలత గుర్తుంచుకోండి. ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 30 పొడుగు. మడవకుండ పట్టాలంటే డబ్బ లోపలి అడుగు దానికంటే రెండు వేళ్ళు ఎక్కువుండాలె. పాత మెమోలు కొన్ని అంతకంటే పెద్దగుంటయి, ఒక మెమో వెంట తీసుకపోయి దుకాణంలనే పెట్టి చూసుకోండి. నేను అట్లనే కొన్న. నాది, అత్తమ్మది రెండు డబ్బలు ఇప్పుడు మంచం కింద లెవ్వు, సజ్జ మీద పక్కపక్కన ఉన్నయి.