టెక్ సందేహాలు: టీచర్ల గ్రూపుల్లో నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న: నేను లెక్కల టీచరును. ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులు చాలా వాటిలో ఉన్నాను. శుభోదయాలు, ఫార్వర్డుల మధ్య పనికొచ్చే మాట ఎక్కడో కొట్టుకుపోతోంది. బోధన మెరుగుపరచుకోవడానికి వీటిని నిజంగా వాడుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వాడుకోవచ్చు. వాట్సాప్ మాట్లాడుకోవడానికి బాగుంటుంది, విషయాలు దాచుకోవడానికి అంతగా పనికిరాదు. మంచి సందేశం కనబడగానే నొక్కిపట్టి స్టార్ గుర్తు పెట్టండి. అలా గుర్తు పెట్టినవన్నీ తర్వాత ఒకేచోట దొరుకుతాయి. రోజూ చూడనక్కరలేని గ్రూపులను మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి పంపేయండి. సబ్జెక్టు చర్చకే కొత్త గ్రూపు పెట్టుకునే ఆలోచన ఉంటే టెలిగ్రామ్ నయం. అందులో ‘టాపిక్స్’ సదుపాయం ఆన్ చేస్తే భిన్నాల చర్చ, జ్యామితి చర్చ వేర్వేరుగా సాగుతాయి. కొత్తగా చేరినవారికి పాత చర్చలు కనిపించేలా అడ్మిన్ అమర్చవచ్చు. మీ ఫోన్ నంబరు ఎవరికీ కనిపించకుండా సెట్టింగ్స్‌లో దాచుకోవచ్చు. పెద్ద గ్రూపుల్లో ఇది ముఖ్యం.

అయితే యాప్ మార్చినంత మాత్రాన గ్రూపు బాగుపడదు. అడిగే తీరు మారాలి. ‘భిన్నాలు ఎలా చెప్పాలి?’ అంటే పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి, అంతే. దానికి బదులు ఇలా రాసి చూడండి: ‘ఆరో తరగతి. 1/2 + 1/3 = 2/5 అని చాలామంది రాశారు. కాగితం మడిచి చూపించాను. మర్నాడు మళ్లీ అదే తప్పు. మీ తరగతిలో ఏం చేశారు?’ ఏ తరగతి, పిల్లలు ఏం రాశారు, మీరు ఏం చేసి చూశారు అన్నవి ఉంటే అనుభవజ్ఞులు ఆగి ఆలోచిస్తారు. ‘2/5 సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని పిల్లలనే అడగండి’ అని ఒకరు చెప్పవచ్చు. ఇంకొకరు ఆ తప్పు వెనకున్న తర్కాన్ని పట్టుకోవచ్చు: రెండు ప్రశ్నల్లో ఒకటి, మరో మూడింటిలో ఒకటి సరిగ్గా రాస్తే మొత్తం ఐదింటిలో రెండు సరైనట్టే కదా! అక్కడ ప్రశ్నల సంఖ్య పెరుగుతోంది కాబట్టి ఆ లెక్క చెల్లుతుంది. భిన్నాల కూడికలో రెండూ ఒకే వస్తువులో భాగాలు, ఆ వస్తువు మారదు. పిల్లల బుర్రలో ఏం జరుగుతోందో చూపించే ఇలాంటి జవాబు ఒక్కటి దొరికినా ఆ గ్రూపులో ఉండటం సార్థకమే.

తరగతిలో ప్రయత్నించాక ఫలితం అదే చర్చ కింద రాయండి. పారకపోతే పారలేదనే రాయండి. సలహాలిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, చేసి చూసి చెప్పేవాళ్లే కరువు.

ప్రశ్న: బోధన వీడియోల కోసం యూట్యూబ్ తెరిస్తే సాయంత్రం దేనిదేనికో అయిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: యూట్యూబ్‌లో ‘వాచ్ హిస్టరీ’ ఆపేసి, పాత చరిత్రను తుడిచేయండి. హోమ్ పేజీలో సిఫార్సులు ఆగిపోతాయి. కావలసింది వెతికి, చూసి బయటికి రావచ్చు. నచ్చిన వీడియోలతో ‘అన్‌లిస్టెడ్’ ప్లేలిస్టు తయారుచేస్తే లింకు ఉన్న సహోద్యోగులు చూడగలుగుతారు.

ప్రశ్న: ‘చదివితే 10 శాతం, వింటే 20 శాతం, ఇతరులకు బోధిస్తే 90 శాతం గుర్తుంటుంది’ అన్న పిరమిడ్ బొమ్మ మా గ్రూపుల్లో తరచూ తిరుగుతోంది. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. ఈ బొమ్మను తరచూ అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్‌కు అంటగడతారు. ఆయన 1946లో ప్రచురించిన ‘అనుభవాల శంకువు’ అనే బొమ్మలో శాతాలే లేవు, అవి తర్వాత ఎవరో తగిలించినవి. చదివే విషయం, చదివే మనిషి, మధ్యలో గడిచిన కాలం వేటితోనూ పని లేకుండా జ్ఞాపకం సరిగ్గా పదుల్లో కుదరడమే అనుమానించాల్సిన సంగతి. ‘ఒక్కో పిల్లవాడికి ఒక్కో అభ్యసన శైలి (చూసి నేర్చుకోవడం, విని నేర్చుకోవడం లాంటివి), దానికి తగ్గట్టే బోధించాలి’ అన్న ఫార్వర్డూ ఇలాంటిదే. 2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అధ్యయనాలను పరిశీలించి, దానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఇలాంటి బొమ్మ వచ్చినప్పుడు గూగుల్ లెన్స్‌తో వెతికితే అది ఎక్కడెక్కడ తిరిగిందో కనిపిస్తుంది. పంపినవారిని గ్రూపులో చిన్నబుచ్చకండి. విడిగా చెప్పండి.

ప్రశ్న: పిల్లల నోటుపుస్తకాల ఫొటోలు టీచర్ల గ్రూపులో పెట్టవచ్చా? అది ప్రైవేటు గ్రూపే.

జవాబు: ప్రైవేటు గ్రూపులోంచి కూడా ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయగలరు. పిల్లల ముఖాలు, పేర్లు, రోల్ నంబర్లు ఎప్పుడూ పెట్టకండి. పేరు మీద ఫోన్‌లో హైలైటర్ గీత గీస్తే చాలదు, కొన్నిసార్లు వెలుతురు పెంచితే కింది అక్షరాలు కనబడతాయి. ఆ భాగాన్ని పూర్తిగా కత్తిరించండి. ఫొటోను డాక్యుమెంటుగా పంపితే తీసిన చోటు వివరాలు కూడా వెంట వెళ్లవచ్చు. అన్నిటికన్నా మంచి దారి, ఆ తప్పును మీ చేతిరాతతో తెల్లకాగితం మీద మళ్లీ రాసి దాన్ని ఫొటో తీయడం. చర్చకు కావలసింది తప్పు ఒక్కటే. ఏ బిడ్డ చేసిందో ఎవరికీ తెలియనక్కరలేదు. పేరు చెప్పకపోయినా ఇంటి పరిస్థితులు వివరంగా రాస్తే మీ ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, కాబట్టి అవీ వద్దు.