సమాధానం: మంత్రికి ‘ఉద్వాసన’ ఎలా వచ్చింది?

‘ఇద్దరు మంత్రులకు ఉద్వాసన’ అన్న శీర్షిక చూసి, ఆ మాటకీ వాసనకీ సంబంధం ఏమిటని అడిగారు కదండీ. ఏమీ లేదు. ఇందులోది నివాసంలో ఉన్న ‘వాస’. ముందున్న ‘ఉత్’ అంటే పైకి, బయటికి. ఉన్నచోటి నుంచి లేపి పంపడమన్నమాట. మాట పూజలోంచి వచ్చింది. వినాయక చవితి పూజ ముగిశాక ‘యథాస్థానం ఉద్వాసయామి’ అంటూ అక్షతలు వేసి విగ్రహాన్ని కాస్త కదుపుతారు చూడండి, అదే. ఆవాహన చేసిన దేవుడికి మర్యాదగా చెప్పే వీడ్కోలు. పత్రికలు దాన్ని మంత్రులకు అంటగట్టడంలో కొంత వెటకారం ఉంది. కాబట్టి అధికారిక లేఖల్లో వద్దు, ‘తొలగింపు’ చాలు.

పదవి నుంచి తొలగించడానికే వాడే మరో మాట ‘బర్తరఫ్’ పారసీ దారిన వచ్చింది: ‘పక్కకు పెట్టడం’. ‘మా తరఫున’లోదీ ఆ తరఫే. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు.

ఎక్కువ తప్పులు విభక్తి దగ్గరే: మంత్రికి ఉద్వాసన పలికారు, మంత్రిని బర్తరఫ్ చేశారు. వీటి బదులు ‘అభిశంసన’ రాయకండి. అది అభియోగం మోపడం. 2019లో అమెరికా ప్రతినిధుల సభ ట్రంప్‌ను అభిశంసించినా, 2020 ఫిబ్రవరిలో సెనేట్ నిర్దోషిగా తేల్చింది, పదవి పోలేదు.